బడిగంట ఒకవైపు, కలివిపొద ఒకవైపు

సిద్ధవటం: బడి తెరిచే జూన్ నెలా, కలివిపండ్లు మాగే నెలా ఒకటే కావడం లంకమల కొండ కింది పల్లెల్లో అయ్యవార్లకు ఏటా తప్పని తలనొప్పి. హాజరుపట్టీలో పేరుంటుంది, బెంచీ మీద పిల్లవాడు ఉండడు. వెతకబోతే పుస్తకాల సంచి చింతచెట్టు తొర్రలో దొరుకుతుంది. పిల్లవాడు చిట్టడవిలో ఉంటాడు. నోరు నల్లగా, అంగీ జేబు జిగటగా, మోకాళ్ల నిండా ముళ్లగీతలతో, బడి విడిచే వేళకు సరిగ్గా ఇల్లు చేరుతాడు. 'ఈ పొద్దు సారు ఏం చెప్పినాడు?' అని తల్లి అడిగితే బిక్కమొహం వేస్తాడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. నేడు తల్లిదండ్రులైన వారిలో చాలామంది ఒకనాడు ఇలాగే తిరిగారు. అయితే ఆనాడు చదువు అబ్బనివాడికి సేద్యం ఉండేది, లేకుంటే మేకల మంద ఉండేది. నేడు వానలను నమ్మి వేరుసెనగ వేసినవాడికి పెట్టుబడి తిరిగి వస్తుందన్న ధీమా లేదు. మేకలు తోలుకుపోదామంటే అడవి చుట్టూ కట్టుబాట్లు. చదువొక్కటే దారి అన్న నమ్మకం పల్లెల్లో బాగా నాటుకుపోయింది. అందుకే పిల్లవాడి నోటు పుస్తకంలో పడిన ఒక్కో ఎర్రగీతా ఇంట్లో రాత్రి అన్నం వేళ తగాదాకు కారణమవుతోంది.

ఈ తగాదాలో న్యాయం ఎవరిదని అడిగే ముందు, ఈ చిట్టడవికే చెందిన ఒక పిట్ట కథ చెప్పుకోవాలి. కలివికోడి పేరు ఈ ప్రాంతంలో చాలామంది విన్నారు. దాని కథకూ మన పిల్లల చదువుకూ ఉన్న సంబంధాన్ని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకున్నట్లు లేదు.

పుస్తకాలలో పోయింది, పొదల్లో ఉంది

పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు సైన్యంలో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఉండేవాడు. వైద్యం ఆయన ఉద్యోగం, పిట్టలు ఆయన వ్యసనం. మన ప్రాంతాలలో తిరిగి, ఇక్కడివారిని అడిగి, పిట్టల పేర్లు తెలుగులో కూడా రాసుకున్నాడు. ఎదురురొమ్ము మీద రెండు పట్టీలున్న ఒక చిన్న పిట్ట ఆయన ద్వారా 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కింది. దాని ఎత్తు జానెడుకు కాస్త ఎక్కువ. తెలుగువారు దాన్ని 'అడవి ఉత్తతిత్తి' అంటారని ఆయన రాశాడు. తిత్తి అంటే డబ్బు దాచుకునే సంచి. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి అన్నమాట. ఇంగ్లీషులో ఆ పిట్టకు జెర్డాన్ పేరే స్థిరపడింది. కలివిపొదల్లో తిరుగుతుంది కాబట్టి మన పల్లెల్లో దాని పేరు కలివికోడి.

1900లో అనంతపురం ప్రాంతంలో ఒకసారి కనిపించిన తర్వాత ఈ పిట్ట జాడ శాస్త్రజ్ఞులకు దొరకలేదు. 1930 దశకంలో ఒకసారి, 1970 దశకంలో మరొకసారి వెతికారు. ఫలితం లేకపోయింది. ఇక అంతరించినట్టేనని చాలామంది నిర్ణయానికి వచ్చారు. పుస్తకాలలో కలివికోడి పోయింది.

పోయిందన్న సంగతి ఇక్కడి పిట్టల వేటగాళ్లకు తెలియదు. వారికి అది రాత్రివేళ కలివిపొదల మధ్య పరుగెత్తే మామూలు పిట్ట. 1980 దశకంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మళ్లీ వెతుకులాట మొదలుపెట్టారు. ఆ సంస్థ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో పల్లెలు తిరిగి, పిట్ట బొమ్మ చూపి జనాన్ని అడిగాడు. బొమ్మను చూసి గుర్తుపట్టినవారు అడవి తెలిసిన మనుషులే. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, పిట్టలు పట్టడం తెలిసిన ఒక స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో ఆ పిట్టను ప్రాణాలతో పట్టుకున్నాడు. 86 సంవత్సరాల తర్వాత కలివికోడి బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది.

అంతకుముందు వెతికినవారికి ఎందుకు దొరకలేదు? కలివికోడి పగలు పొదల కింద కదలకుండా కూర్చుంటుంది, చీకటి పడ్డాకే తిరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసినవాడికి పిట్ట దొరికింది.

తర్వాత జరిగిన మార్పులు చిన్నవి కావు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే ఏడాది కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ల వెలువడింది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పిట్ట తిరిగే పొదల్లోకి రాగా పెద్ద వివాదమై, చివరికి కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఒక జానెడు పిట్ట కోసం కాలువ వంకర తిరిగిందని నవ్వుకున్నవారు ఉన్నారు, గర్వపడ్డవారూ ఉన్నారు.

ఇంత కథకూ మూలం చిట్టడవి తెలిసిన మనిషి. ఆ తెలివిని ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు, ఏ నోటు పుస్తకంలోనూ ఎవరూ దిద్దలేదు. చిన్ననాటి నుంచి పొదల మధ్య తిరిగితే తప్ప అది రాదు. మన పిల్లలు బడి ఎగ్గొట్టి తిరుగుతున్నదీ ఆ పొదల మధ్యనే.

పరీక్షల నెలలు, పండ్ల నెలలు

అడవి ఏ నెలలో ఏమి పెడుతుందో, బడి ఆ నెలలో ఏమి అడుగుతుందో పక్కపక్కన రాసి చూస్తే పిల్లల ఇబ్బంది అర్థమవుతుంది. జూన్‌లో పుస్తకాలు ఇచ్చేనాటికి కలివిపండ్లు, నేరేడుపండ్లు. పెద్దలు ఇప్పటికీ మూడునెలల పరీక్షలని పిలిచేవి దసరాకు ముందు జరిగే రోజుల్లో సీతాఫలాలు కన్ను విచ్చుతాయి. ఆరునెలల పరీక్షల వేళకు రేగుపండ్లు దోరగా ఉంటాయి, సంక్రాంతికి పూర్తిగా మాగుతాయి. ఏడాది పరీక్షలకు చదవవలసిన రోజుల్లో మోదుగుచెట్లు ఎర్రగా పూస్తాయి, చింతచిగురు కోతకు వస్తుంది, తీతువులు ఎండిన చెరువు మట్టిలో గుడ్లు పెడతాయి.

పట్నం పిల్లవాడిని చదువు నుంచి లాగేవి టీవీ, సెల్‌ఫోను. పల్లెలోనూ ఇప్పుడు సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. అయితే ఫోను లాగే తీరు వేరు, అడవి లాగే తీరు వేరు. ఫోను పిల్లవాడిని కూర్చున్నచోటే కట్టేస్తుంది. అడవి నడిపిస్తుంది, ఎక్కిస్తుంది, ఓపికగా కూర్చోవడం నేర్పుతుంది. ఏ పండు తినవచ్చు, ఏది తినకూడదు, ఏ రాయి కింద తేలు ఉంటుంది అనేవి తప్పు రాసి దిద్దుకునే పాఠాలు కావు. ఒక్కసారి తప్పితే చాలు. అందుకే అడవిలో తిరిగే పిల్లవాడు ఒకటికి రెండుసార్లు చూసి అడుగు వేస్తాడు. తరగతి గదిలో ఉపాధ్యాయులు కోరుకునే శ్రద్ధ అంటే ఇదే. పిల్లవాడికి శ్రద్ధ లేదని నోటు పుస్తకం చూసి అనుకుంటున్నాం. అది ఎక్కడ ఖర్చవుతోందో మాత్రం చూడడం లేదు.

ఒక ఇంట్లో తగాదా

ఈ మండలంలోని ఒక పల్లెలో ఆరో తరగతి చదివే కుర్రవాడి ఇంటికి ఈ విలేకరి వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే చర్చ జరుగుతోంది. తల్లి కూలికి పోయి అప్పుడే వచ్చింది. "నువ్వన్నా చెప్పన్నా వీనికి. పొద్దస్తమానం ఆ కంపల్లోనే. తొమ్మిదో ఎక్కం అడిగితే నోరు తెరవడు. పిట్టగూడు యాడుందో అడుగు, చీకట్లో అయినా తీస్కపోతాడు" అన్నది.

తండ్రి మేకలు కాసి బతికిన మనిషి. మంద అమ్మేసి రెండేళ్లయింది. "నా మాదిరి మేకల ఎంబడి తిరగడానికా వీన్ని సదివించేది? వచ్చే జూన్‌లో బద్వేలు హాస్టల్లో యేస్తా. గోడల మధ్య ఉంటే అదే వస్తాది సదువు" అని ఆయన పట్టుదల.

మూలన కూర్చున్న అవ్వ మనవడి పక్షం. "కొండ తెలిసినోడు ఆకలికి సావడురా" అన్నది. దానికి కొడుకు ఇచ్చిన సమాధానం ఆలోచించదగ్గది. "కొండ మనదా మా ఇప్పుడు? లోపలికి పోతే గార్డు పట్టుకుంటాడు. ఆకలికి కొండ, జీతానికి కాగితం. వీనికి కాగితం కావాల" అన్నాడు.

తండ్రి మాటను తోసిపుచ్చడానికి వీలులేదు. కుర్రవాడు మాత్రం ఎవరికీ సమాధానం చెప్పలేదు. అడగ్గా అడగ్గా నోటు పుస్తకం తెచ్చి చూపించాడు. 'నాకు నచ్చిన పక్షి' అనే అంశం మీద పది వాక్యాలు రాసుకురమ్మని సారు చెప్పారట. తరగతిలో పిల్లలందరూ గైడు చూసి నెమలిని గురించి రాశారు. మన జాతీయ పక్షి నెమలి అని మొదలై, అందరివీ ఒకే పది వాక్యాలు. ఈ కుర్రవాడు రాసింది మూడే వాక్యాలు. తీతువు గూడు కట్టదని, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెడుతుందని, మనం దగ్గరకు పోతే గుడ్ల దగ్గర ఉండకుండా వేరే పక్కకు పోయి అరుస్తుందని రాశాడు. మూడు వాక్యాలలో ఏడు అక్షరదోషాలు. పుస్తకం ఎర్రసిరాతో నిండిపోయింది.

కుర్రవాడు రాసిన మూడు సంగతులూ నిజమే. తీతువు నేల మీద చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. గుడ్ల రంగు మట్టిలో కలిసిపోయేలా ఉంటుంది. మనిషో కుక్కో వస్తే, గుడ్లున్న చోటి నుంచి దారి మళ్లించడానికి వేరేచోట గోల చేస్తుంది. పెద్దవాళ్లు తీతువు కూత అపశకునమని తలుపు వేసుకుంటారు. ఈ కుర్రవాడు మాత్రం ఆ కూత వెనక తల్లి ఎత్తుగడ ఉందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు.

ఇసుకపట్టీ మీద లెక్కలు

ఆ బడి ఉపాధ్యాయుడు పేరు రాయవద్దన్న షరతుపై కొన్ని సంగతులు చెప్పారు. ఎర్రసిరా పెట్టింది ఆయనే. "దిద్దేటప్పుడు దోషాలే కనబడినాయి. మరుసటి రోజు మిగతా పుస్తకాలన్నీ దిద్దినాక తట్టింది, ఇంతమందిలో సొంతంగా చూసి రాసినోడు వీడొక్కడేనని" అన్నారు. అప్పటి నుంచి ఆయన ఒక చిన్న పని మొదలుపెట్టారు. ఆ పనికి కూడా మూలం కలివికోడే.

కలివికోడి రాత్రి తిరిగే పిట్ట కావడం వల్ల దాన్ని కళ్లతో చూడడం కష్టం. 2000 సంవత్సరం తర్వాత పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. పొదల మధ్య అక్కడక్కడ 5 మీటర్ల పొడవున సన్నని పట్టీలు చేసి, జల్లించిన మెత్తని మట్టి పరిచారు. రాత్రి ఆ పట్టీ దాటిన ప్రతి జీవి అడుగుజాడా ఉదయానికి అచ్చుగుద్దినట్టు ఉంటుంది. కలివికోడి కాలికి ముందువైపు మూడు వేళ్లే, వెనక వేలు లేదు. మూడు వేళ్ల జాడ కనిపించిన చోట కెమెరాలు కట్టి ఫొటోలు తీశారు. ఈ పద్ధతిలో వెతికి, కలివికోడికి ఎలాంటి చోటు కావాలో కూడా తేల్చారు. మరీ చిక్కని అడవి దానికి పనికిరాదు, పొదలన్నీ నరికేసిన బయలూ పనికిరాదు. 2 మీటర్లకు మించి ఎదిగిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉన్న చోటనే అది ఎక్కువగా తిరుగుతుందని లెక్క తేలింది.

ఈ ఉపాధ్యాయుడు శనివారం సాయంత్రం బడి వెనక, ప్రహరీ లోపలే, పిల్లల చేత వంక ఇసుక జల్లెడ పట్టించి అలాంటి పట్టీ ఒకటి వేయించారు. సోమవారం ఉదయం ప్రార్థనకు ముందే పిల్లలు పట్టీ చుట్టూ మూగారు. కుక్కజాడలో గోళ్ల గుర్తులుంటాయి, పిల్లిజాడలో ఉండవు. కౌజుపిట్ట జాడలో వెనక వేలు కూడా పడుతుంది. కుందేలు వెనకకాళ్లు ముందుకు వేసి దూకుతుంది కాబట్టి దాని జాడ చూసి అది ఎటు పోయిందో చెప్పడంలో కొత్తవాళ్లు పొరబడతారు. ఇవన్నీ సారుకు విడమరిచి చెప్పింది ఆ ఆరో తరగతి కుర్రవాడే.

తర్వాత స్కేళ్లు తీశారు. ఒక జాడకూ తర్వాతి జాడకూ మధ్య దూరం కొలిచారు. 9, 10, 11, 10, 10 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. అన్నీ కూడితే 50. ఐదుతో భాగిస్తే 10. సరాసరి అంటే ఏమిటో తెలియక నెల రోజులుగా సతాయించిన పిల్లలకు పది నిమిషాల్లో అర్థమైందని సారు అన్నారు. జాడ బొమ్మ గీశారు, బొమ్మ కింద తేదీ వేశారు, ఏ జంతువో రాశారు. రాసేటప్పుడు అక్షరదోషం వస్తే పక్కవాడే దిద్దాడు. అంటే సైన్సు, లెక్కలు, తెలుగు ఒకే ఉదయం సాగాయి. ఖర్చు ఒక జల్లెడ.

అంతమాత్రాన అంతా చక్కబడిందని అనుకోవద్దని కూడా ఆయనే హెచ్చరించారు. "ఇసుక మీద సరాసరి కట్టిన పిల్లోడు అదే లెక్క పుస్తకంలో కనబడితే ఇంకా తడబడుతున్నాడు. కాకుంటే ఇదివరకు పుస్తకం మూసేవాడు, ఇప్పుడు తడబడుతూనైనా చేస్తున్నాడు" అన్నారు. ఆయనకు వేరే ఇబ్బందులూ ఉన్నాయి. పాఠాలు గడువులోగా పూర్తి కావాలి. వర్కుబుక్కులు నిండాలి. మార్కులు, హాజరు ఫోనులో ఎక్కించాలి. తనిఖీకి వచ్చినవారు ఇసుకపట్టీ అడగరు, వర్కుబుక్కు అడుగుతారు.

కాగితం విలువ సలీం అలీకి తెలుసు

పిల్లలను అడవికి వదిలేస్తే అందరూ శాస్త్రజ్ఞులవుతారా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు సలీం అలీ జీవితం కంటే మంచి జవాబు దొరకదు. మన దేశంలో పిట్టల శాస్త్రానికి పెద్దదిక్కుగా పేరుపొంది, 1976లో పద్మవిభూషణ్ అందుకున్న సలీం అలీ పుట్టింది 1896లో. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి ఇదేం పిచ్చుక అని అనుమానం వచ్చింది. అడగడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. ఆ అనుమానమే ఆయన జీవితమైంది.

ఈ కథను ఇక్కడితో ఆపి చెప్పేవారు ఎక్కువ. మిగతా సగం కూడా చెప్పాలి. కాలేజీలో మొదటి ఏడాదే చదువు కష్టమై సలీం అలీ బర్మా వెళ్లిపోయాడు. తిరిగి వచ్చాక జంతుశాస్త్రం చదువుకున్నాడు. అయినా యూనివర్సిటీ డిగ్రీ లేనందువల్ల ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే సంస్థలో కోరుకున్న ఉద్యోగం దక్కలేదు. ఆ తర్వాత జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో ఒక పెద్ద పండితుని దగ్గర పద్ధతిగా నేర్చుకున్నాడు. అంత చూపున్న మనిషిని కూడా కాగితం లేదని వెనక్కి పంపారు. 'జీతానికి కాగితం' అన్న మేకల కాపరి మాటలో అబద్ధం లేదు.

అందుచేత పిల్లలను చదువు మాన్పించి పొదల్లోకి పంపమని ఎవరూ అనరాదు. కలివికోడిని గుర్తుపట్టినవాడి చూపు ఒకటి, ఆ జాడను కొలిచి, రాసి, లోకానికి చెప్పగలిగినవాడి చదువు ఒకటి. 1986లో ఈ రెండూ ఇద్దరు మనుషుల దగ్గర వేర్వేరుగా ఉన్నాయి. చూపున్న పల్లె పిల్లవాడికే ఆ చదువు కూడా వస్తే, రేపు కలివికోడిని వెతకడానికి వచ్చేవాడు బొంబాయి నుంచి రానక్కరలేదు. సిద్ధవటం నుంచే బయలుదేరవచ్చు.

కాగితం మీద అనుమతి ఉంది

బడి పాఠాన్ని బయటి బతుకుతో కలపాలన్నది కొత్త కోరిక కాదు. గాంధీగారు 1937లో వార్ధాలో చేతిపనితో కూడిన చదువును ప్రతిపాదించారు. 1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల మీద చదువు బరువు తగ్గించమని నివేదిక ఇచ్చింది. బడిలో నేర్చేదానికీ బడి బయటి జీవితానికీ ముడివేయాలని 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం ఒక అడుగు ముందుకు వేసి, 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని రోజులు 10 ఉండాలని సూచించింది.

సమయం కూడా లేకపోలేదు. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలంటోంది. అంటే ఆరో తరగతి పిల్లవాడికి 145 రోజులు బడి లేదు. ఆ 145 రోజులు అడవివి, పొలానివి, ఆటవి కావచ్చు. 220 రోజులు బడివి కావాలి. ఈ ఒప్పందం ఇంట్లో ముందే చేసుకుంటే సంచిని చెట్టుతొర్రలో దాచే అవసరం పిల్లవాడికి తగ్గుతుంది. బడివైన 220 రోజుల్లో పదో పాతికో గంటలు ప్రహరీ లోపలి ఇసుకకు, చెట్టుకు, పిట్టకు కేటాయిస్తే, బడివైపు అతని కాలు దానంతట అదే సాగుతుంది.

కొన్ని జాగ్రత్తలు

ఈ పని చేసేవారు కొన్ని విషయాలు మరువరాదు. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పిల్లలను తీసుకువెళ్లకూడదు. లంకమల ఎర్రచందనం ఉన్న అడవి. అక్కడ కొత్త మనుషుల తిరుగుడు మీద నిఘా ఉంటుంది, ప్రమాదమూ ఉంటుంది. కలివికోడిని గాని, మరే పిట్టను గాని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఒకనాడు వేటగాడు చేసిన పని నేడు పిల్లలు చేయరాదు. జాడ చూడడం, బొమ్మ గీయడం, కూత వినడం చాలు.

తీతువు గుడ్లు కనబడితే ముట్టుకోకుండా వెంటనే దూరం జరగాలి. మనిషి నిలబడి చూస్తుంటే కాకి కూడా చూస్తుంటుంది. సందె వేళ పింజర పాములు తిరుగుతాయి కాబట్టి చీకటి పడకముందే ఇల్లు చేరాలి, కాలికి చెప్పులుండాలి. వేసవిలో నీళ్లసీసా లేకుండా వెళ్లరాదు. ఏ పండైనా పెద్దలకు చూపించాకే తినాలి.

చేయవలసింది ఇంకా ఉంది

కలివికోడి నేడు ప్రపంచంలో అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న పిట్టలలో ఒకటి. పదిహేనేళ్లకు పైగా దాని జాడ మళ్లీ దొరకక, నిజంగానే పోయిందేమోనన్న బెంగ మొదలైంది. 2025 ఆగస్టులో దాని కూతను కొందరు పక్షి పరిశీలకులు రికార్డు చేసినట్లు వార్తలు వచ్చాయి. పిట్ట ఉన్నప్పటికీ దాన్ని గుర్తుపట్టే మనుషులు తగ్గిపోతున్నారు. పిట్టలు పట్టి బతికిన తరం ముసలిదైంది. వారి పిల్లలు ఆ పని మానేశారు, మానడమే మంచిది. వారి మనవళ్లు హాస్టళ్లలో ఉన్నారు. వేటతో పాటు చూపు కూడా పోతే, రేపు ఎవరైనా బొమ్మ పట్టుకుని పల్లెకు వచ్చినప్పుడు చూసి తలూపేవారు ఉండరు.

దీనికి పెద్ద పథకాలు అక్కరలేదు. ప్రతి బడిలో ఒక ఇసుకపట్టీ, పిల్లలు తేదీ వేసి రాసే ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. తనిఖీకి వచ్చే విద్యాశాఖ అధికారులు వర్కుబుక్కుతో పాటు ఆ పుస్తకాన్ని కూడా అడిగి చూస్తే ఉపాధ్యాయులకు ధైర్యం వస్తుంది. అటవీశాఖ వారు ఏడాదికి ఒక్కరోజైనా, తమ సిబ్బంది తోడుగా, చుట్టుపక్కల బడుల పిల్లలకు అడవిని చూపించాలి. పల్లెల్లో అడవి తెలిసిన పెద్దలను నెలకొక గంట బడికి పిలిచి చెప్పిస్తే పిల్లలూ వింటారు, ఆ పెద్దలకూ గౌరవం దక్కుతుంది.

ఆరో తరగతి కుర్రవాడిని బద్వేలు పంపాలా వద్దా అన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. తండ్రి ఏడాది పరీక్షల వరకు గడువు ఇచ్చాడు. ఎక్కాలు అప్పజెప్పి, లెక్కల్లో పాసయితే ఊరి బడిలోనే ఉంచుతానన్నాడు. కుర్రవాడు ఇప్పుడు తొమ్మిదో ఎక్కం దాటి పన్నెండో ఎక్కం చదువుతున్నాడు. సోమవారం ఇసుకపట్టీ చూడాలంటే శనివారానికి ఎక్కం అప్పజెప్పి తీరాలని సారు నియమం పెట్టారు.